గ్రిల్ తీసేయకండి, అందులో తలుపు పెట్టించండి

రెండో అంతస్తు బెడ్రూమ్‌కి ఫిక్స్‌డ్ గ్రిల్ ఉంది, మంటలొస్తే మెయిన్ డోర్ తప్ప దారి లేదు, తీసేస్తే దొంగల భయం, ఏం చేయాలని ఒకరు అడిగారు. గ్రిల్ అలాగే ఉంచి, అందులో బయటికి తెరుచుకునే తలుపు చేయించండి.

కొలత ముఖ్యం. అమెరికా ఇళ్ల నిర్మాణ నిబంధనల (కోడ్) ప్రకారం తప్పించుకునే ఖాళీ కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉండాలి. ఈ రెండూ కనీసాలే కాబట్టి 22 అంగుళాల వెడల్పు, 38 అంగుళాల ఎత్తు అడగండి. నాలుగడుగుల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది. గ్రిల్ తలుపు సరిగ్గా ఆ సగానికి ఎదురుగా రావాలి, వెల్డర్లు పొరపడేది ఇక్కడే.

గ్రిల్ తలుపు కీళ్లు (హింజెస్) బయటికి కనిపిస్తాయి, దొంగ వాటి పిన్ను కొట్టి లాగేయొచ్చు. పిన్ను రెండు చివరలా వెల్డింగ్ చుక్క పెట్టించండి. ఉత్త గడియ చాలదు, బయటి నుంచి ఊచల మధ్య చెయ్యి పెడితే ఊడుతుంది. లోపల తాళం వేసి, తాళంచెవి అదే గదిలో, కిటికీ నుంచి నాలుగడుగుల దూరంలో మేకుకి తగిలించండి. పొగ పైనుంచి కిందికి నిండుతుంది కాబట్టి మేకు మరీ పైన వద్దు. ఆ తాళంచెవిని ఇంకే గుత్తిలోనూ కలపొద్దు.

పెయింటర్ కీళ్ల మీద కూడా ఎనామిల్ పూసేస్తాడు, వానాకాలం తుప్పు తోడై తలుపు బిగుసుకుపోతుంది. మూడు నెలలకోసారి నూనె వేసి, పూర్తిగా తెరిచి చూడండి.

అంత ఎత్తు నుంచి దూకకూడదు. గది తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డ కుక్కి, 101కి ఫోన్ చేసి, నిచ్చెన వచ్చేదాకా కిటికీ దగ్గరే ఉండండి. ఏసీ బయటి యూనిట్ ఆ తలుపుకి అడ్డంగా బిగించనివ్వకండి.