అమ్మలూ, సంతకం పెట్టే ముందు ఇది చదువు

అమ్మలూ,

కంపెనీ సెక్రటరీగా సొంత ప్రాక్టీసు పెడుతున్నావని, హిమాయత్‌నగర్‌లో గది కూడా చూసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నా మేనకోడలి పేరుతో బోర్డు! రాత్రంతా సంతోషం, తెల్లారేసరికి టెన్షన్.

డిజిటల్ సంతకం పెట్టడానికి వాడే యూఎస్‌బీ టోకెన్ పిన్ ఎవరికీ చెప్పకు. టోకెన్ పోతే, సంతకం నీదేనని చెప్పే అందులోని సర్టిఫికెట్‌ని ఆ గంటలోనే రద్దు చేయించు. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది నేను చేసిన తప్పు. 2013లో బేగంబజార్ పెద్దాయన ఒకాయనకి వాటాల ఒప్పందం డిజిటల్ సంతకంతో చేయించాను. టైమ్‌స్టాంప్, అంటే సంతకం ఎప్పుడు పడిందో బయటి సంస్థ వేసే ముద్ర, పెట్టించలేదు. సంతకం సరైనదేనని ఆకుపచ్చ టిక్కు పడింది కదా అని ఫైలు దాచేశాను. రెండేళ్లకి సర్టిఫికెట్ గడువు తీరింది. 2018లో అన్నదమ్ములు తగువుపడ్డారు. ఫైలు తెరిస్తే టిక్కు లేదు, పసుపు త్రికోణం. కింద ఒక ముక్క: సంతకం సమయం, పెట్టినవాళ్ల కంప్యూటర్ గడియారం చెప్పినది. అవతలి లాయరు తన ల్యాప్‌టాప్ తేదీని 2014కి జరిపి, గడువు తీరిన ఆ టోకెన్‌తోనే ఒక ఖాళీ పీడీఎఫ్ మీద మా ఎదుటే సంతకం పెట్టించాడు. 2014 అనే పడింది. "ఇప్పుడు చెప్పండి, మీది ఎప్పుడు పెట్టింది?" అన్నాడు. పెద్దాయన నా వైపు చూశాడు. ఒక్క మాట అనలేదు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు తల్లీ.

అందుకే సంతకంతో పాటే టైమ్‌స్టాంప్ వేయించు. అప్పుడు సమయం చెప్పేది మన కంప్యూటర్ కాదు, మూడో మనిషి. ఆ రోజుకి సర్టిఫికెట్ రద్దు కాలేదన్న రుజువు కూడా ఫైలులోనే చేర్చు, దాన్నే ఎల్‌టీవీ అంటారు. పదేళ్లకి ఆ రుజువిచ్చే సర్వర్ ఉంటుందని ఏం నమ్మకం? ప్రింటు తీసి ఒరిజినల్ ఫైలు చెరిపేశావో, నేను ఊరుకోను. కాగితం మీద మిగిలేది సంతకం బొమ్మే.

టైమ్‌స్టాంప్‌కీ వయసు ఉంటుంది. అది ఆధారపడేది హాష్ మీద, అంటే ఫైలు నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య మీద. 2017లో ఎస్‌హెచ్‌ఏ-1 అనే పాత హాష్ పద్ధతితో రెండు వేర్వేరు పీడీఎఫ్‌లకి ఒకే హాష్ తెప్పించి చూపించారు. పాతది బలహీనపడకముందే దాని మీద కొత్తది వేయించాలి. అమ్మమ్మ ఆవకాయ జాడీలో నూనె తగ్గకముందే మళ్లీ పోసేది, గుర్తుందా?

శనివారం వస్తాను. మొదటి ఫైలు నా ముందే సంతకం చెయ్యి, ఇద్దరం కలిసి తెరిచి చూద్దాం. టిఫిన్ మానేస్తున్నావట, ముందు అది తిను.

మీ మావయ్య