గొంతులో గడ్డ: సగం తీయాలా, మొత్తమా?

ప్రశ్న: నా వయసు 38. మెడ ముందు థైరాయిడ్ గ్రంథిలో కుడివైపు 2.2 సెంటీమీటర్ల గడ్డ ఉంది. ఎఫ్ఎన్ఏసీలో (సూది పరీక్ష) ‘బెథెస్డా 6, పాపిల్లరీ’ అని వచ్చింది. టీఎస్‌హెచ్ రక్తపరీక్ష మాత్రం నార్మలే! కత్తి పెడితే పాకుతుందని ఇంట్లో వాళ్లు అంటున్నారు. గ్రంథి మొత్తం తీసేయాలా? ఎవరికి చూపించుకోవాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: టీఎస్‌హెచ్ గ్రంథి పనితీరును చెబుతుంది, గడ్డ ఎలాంటిదో చెప్పదు. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్న చాలామందికి అది నార్మల్‌గానే ఉంటుంది. ఇక బెథెస్డా అంటే సూది పరీక్ష ఫలితాన్ని 1 నుంచి 6 వరకు చెప్పే లెక్క. 6 అంటే సూదిలో వచ్చిన కణాలు క్యాన్సర్‌వేనని; ఆరో స్టేజీ అని కాదమ్మా. 55 ఏళ్లలోపు వారికి పాపిల్లరీ అనే ఈ రకం థైరాయిడ్ క్యాన్సర్ మెడలోని లింఫు గ్రంథులకు పాకినా, ఊపిరితిత్తులు, ఎముకల్లాంటి దూరపు భాగాలకు వెళ్లనంతవరకు స్టేజ్ 1 కిందే లెక్క. కత్తి మాట నమ్మకండి. దీనికి అసలు వైద్యం ఆపరేషనే.

1 నుంచి 4 సెంటీమీటర్ల గడ్డ గ్రంథి దాటకుండా, లింఫు గ్రంథులు, రెండో వైపు బాగుంటే సగం తీసినా సరిపోవచ్చు. అందుకే ముందుగా మెడ రెండు వైపులా లింఫు గ్రంథులు చూసే అల్ట్రాసౌండ్ చేయించండి. సగంతో సరిపెడితే కొందరికి జీవితాంతం థైరాయిడ్ మాత్ర అక్కర్లేదు, కాల్షియం బెడదా దాదాపు ఉండదు. అయితే తీసిన భాగం బయాప్సీలో తేడా వస్తే మిగతాదీ తీయాల్సి రావచ్చు. దానికి సిద్ధపడే ఒప్పుకోండి.

ఎండోక్రైన్ (హార్మోను గ్రంథుల) సర్జన్ లేదా తల, మెడ క్యాన్సర్ సర్జన్ దగ్గరికి వెళ్లండి. ‘ఏడాదికి ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారు?’ అని మొహమాటపడకుండా అడగండి. 25కు మించి చేసేవారి దగ్గర ఇబ్బందులు తక్కువని అమెరికాలో ఒక పరిశీలనలో తేలింది. విశాఖలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. రిపోర్టు కాగితమే కాదు, గాజు స్లైడ్లు కూడా తీసుకెళ్లండి. అక్కడి పాథాలజిస్టు మళ్లీ చూస్తారు.

మొత్తం తీస్తే, థైరాయిడ్ వెనకే ఉండి కాల్షియాన్ని అదుపులో ఉంచే బియ్యపు గింజంతేసి పారాథైరాయిడ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఒకటి రెండు రోజుల్లో పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి వస్తే కాల్షియం పడిపోతున్నట్టే, వెంటనే చెప్పండి. చేతులు కొంకర్లు పోయేదాకా ఆగొద్దు. తీసేసిన గ్రంథి హార్మోనుకు బదులుగా ఇచ్చే థైరాక్సిన్ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట తర్వాతే కాఫీ. కాల్షియం మాత్రకు 4 గంటల ఎడం ఉండాలి. రెండూ ఒకేసారి మింగేసి, ‘మందు పనిచేయడం లేదు’ అనేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఇచ్చే రేడియో అయోడిన్ చికిత్సకు ముందు ఉప్పు మానేయాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మానాల్సింది అయోడిన్, ఉప్పు కాదు. డాక్టరు చెప్పిన ఒకటి రెండు వారాలు అయోడిన్ కలపని ఉప్పు వాడండి. రాళ్ల ఉప్పులోనూ కలుపుతారు, ప్యాకెట్ చదవండి. చేపలు, గుడ్డు పచ్చసొన, పాలు, పెరుగు, హోటల్ తిండి వద్దు. మామూలు ఉప్పుతో పెట్టిన ఆవకాయ కూడా పక్కన పెట్టాల్సిందే!