అంబోసెలీ అని డబ్బులు తీసుకుని నైరోబీ పార్క్ చూపించారు, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: సార్, మాది కరీంనగర్. అమ్మానాన్న, నేను, మా ఆవిడ కలిసి హైదరాబాద్‌లో ఒక టూర్ ఏజెన్సీకి ఫ్లైట్ టికెట్లు కాకుండా 4,60,000 కట్టి కెన్యా వెళ్లొచ్చాం. ఐటినరీలో ఒక రోజు "అంబోసెలీ నేషనల్ పార్క్, ఫుల్ డే ట్రిప్, ఏనుగుల మందలు, కిలిమంజారో వ్యూ" అని రాశారు. పొద్దున 5:30కి రావాల్సిన వ్యాన్ 10 దాటాక వచ్చింది. ఇప్పుడు బయల్దేరితే కుదరదని డ్రైవర్ ఊరి పక్కనే ఉన్న నైరోబీ నేషనల్ పార్క్‌లో తిప్పి తీసుకొచ్చేశాడు. అమ్మ ఏనుగుల కోసమే వచ్చింది, ఒక్కటి కూడా కనపడలేదు. అడిగితే ఏజెన్సీ వాళ్లు "నేషనల్ పార్క్ చూపించాం కదా, ప్రోగ్రాం మారొచ్చని కండిషన్స్‌లో ఉంది, తప్పు కెన్యా వాళ్లది, కేసు వేసినా హైదరాబాద్‌లోనే వేయాలి" అంటున్నారు. ఇంకో టూర్‌కి 10,000 వోచర్ ఇస్తాం, సంతకం పెట్టండి అంటున్నారు. చీటింగ్ కేసు పెట్టొచ్చా?

జవాబు: ముందు ఆ వోచర్ కాగితం మీద సంతకం పెట్టకండి. "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అన్న ముక్క అందులో ఎక్కడో ఉండే ఉంటుంది, అది పెట్టాక కేసు బాగా బలహీనపడిపోతుంది.

ఇక మీ కేసు నిలుస్తుంది, కానీ ఏమని వేస్తున్నారన్నది చాలా ముఖ్యం. "ఏనుగు కనపడలేదు" అని వేస్తే ఓడిపోతారు, అడవి జంతువు కనపడుతుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, అంబోసెలీ వెళ్లినా మబ్బు పట్టి కిలిమంజారో కనపడని రోజులు బోలెడు, దానికి ఏజెన్సీ బాధ్యత లేదు. మీకు జరిగింది అది కాదు కదా. నైరోబీ నేషనల్ పార్క్‌లో అసలు ఏనుగుల మందలే లేవండి. 1946లో పెట్టిన పార్క్ అది, 117 చదరపు కిలోమీటర్లు, సింహాలు, ఖడ్గమృగాలు, జిరాఫీలు ఉంటాయి, వెనకాల సిటీ బిల్డింగులు కనపడతాయి, చూడదగ్గదే, దాన్ని తక్కువ చేయట్లేదు. కానీ అంబోసెలీ 392 చదరపు కిలోమీటర్లు, టాంజానియా బోర్డర్ దగ్గర, కిలిమంజారో నుంచి భూమి లోపల ఊరే నీళ్లతో అక్కడ చిత్తడి నేలలు ఉంటాయి, ఆ నీళ్లలో దిగి మేసే ఏనుగుల కోసమే ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. కాబట్టి మీ కంప్లైంట్‌లో మొదటి వాక్యం "ఏనుగుల మందలు అని రాసి డబ్బు తీసుకుని, ఆ మందలే లేని పార్క్‌కి తీసుకెళ్లారు" అని ఉండాలి. పేరు పెట్టి అమ్మిన పార్క్ బదులు వేరే పార్క్ చూపించడం కన్స్యూమర్ ప్రొటెక్షన్ చట్టం, 2019 ప్రకారం సేవాలోపమే.

రెండో వాక్యం వ్యాన్ టైం గురించి. ఈ పాయింట్‌ని చాలామంది చివర్లో ఒక మాటలో వదిలేస్తారు, నా లెక్కలో కేసు మొత్తం దీనిమీదే నిలబడుతుంది. నైరోబీ నుంచి అంబోసెలీకి రోడ్డు మీద పోను నాలుగు గంటల దాకా పడుతుంది, అంతే టైం తిరిగి రావాలి, సాయంత్రం 6కి పార్క్‌లోంచి బయటికొచ్చేయాలి, అందుకే డే ట్రిప్ వాళ్లు తెల్లవారకముందే బయల్దేరతారు. అంటే 10కి వ్యాన్ వచ్చిందంటే ఆ ట్రిప్ మీ హోటల్ గుమ్మం దగ్గరే పోయింది. ఇప్పుడు "ప్రోగ్రాం మారొచ్చు" అన్న కండిషన్ చూడండి, అది వరదలొచ్చి రోడ్డు తెగిపోయినప్పుడో, పార్క్ మూసేసినప్పుడో, అంటే ఎవరి చేతిలో లేని కారణానికి వాడుకోవాల్సింది, వాళ్ల బండి లేటుకి వాళ్లే అడ్డం పెట్టుకోవడానికి కాదు. నిజంగా వరదే వచ్చి ఉంటే వాళ్లకి డిఫెన్స్ ఉండేది, అప్పుడు కూడా మిగిలిన డబ్బు వెనక్కివ్వాలని అడగొచ్చు. అంబోసెలీ ఎంట్రీ ఫీజు నైరోబీ పార్క్ కంటే ఎక్కువ, డీజిల్ ఖర్చైతే పోలికే లేదు, ఆ తేడా నలుగురిదీ ఎవరి జేబులోకి పోయింది?

ఇక్కడొక జాగ్రత్త. ఆ కండిషనే అన్యాయమైనది, కొట్టేయండి అని జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో అడగకండి. అన్యాయపు ఒప్పందం మీద కంప్లైంట్ వినే అధికారం స్టేట్ కమిషన్‌ది, అవతలి లాయర్ ఆ ఒక్క పాయింట్ పట్టుకుని నెలలు లాగుతాడు. మీరు సేవాలోపం వరకే ఉండండి.

"తప్పు కెన్యా వాళ్లది" అన్నదానికి జవాబు మీ దగ్గరే ఉంది. మీ ఫామ్ 26ఏఎస్, అంటే మీ పేరు మీద జమైన పన్నుల లెక్క, తీసి చూడండి. ఫారిన్ టూర్ ప్యాకేజీ అమ్మినవాళ్లు మీ దగ్గర టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఇన్‌కం ట్యాక్స్) వసూలు చేసి కట్టాలి, అది అందులో ఏజెన్సీ పేరు మీద కనపడుతుంది. ప్యాకేజీ అమ్మినట్టు ఇన్‌కం ట్యాక్స్ వాళ్లకి చూపించి కమిషన్ ముందు "మేం మధ్యలో వాళ్లం" అంటే కుదరదు. జీఎస్టీ బిల్లు కూడా జత చేయండి. మీ బుకింగ్ వోచర్ల మీద కెన్యా కంపెనీ పేరు లేకపోతే ఇంకా మంచిది, అసలు యజమాని ఎవరో చెప్పకుండా ఒప్పందం చేసుకున్న ఏజెంట్ తానే బాధ్యుడని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 230 చెప్తుంది.

హైదరాబాద్ తిరగక్కర్లేదు. 2019 చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే, అంటే కరీంనగర్ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, పెద్దవాళ్లు పార్టీలుగా ఉన్నారు కాబట్టి ఇది మీకు చాలా కలిసొస్తుంది. కాగితాల్లో ఆర్బిట్రేషన్ క్లాజ్, అంటే గొడవొస్తే కోర్టు బదులు మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలన్న షరతు, ఉన్నా భయపడకండి, అది ఉన్నంత మాత్రాన కన్స్యూమర్ కేసు ఆగదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. మీరు కట్టింది 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. కన్స్యూమర్ కేసుల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫైల్ చేయొచ్చు. ట్రిప్ తేదీ నుంచి రెండేళ్లు గడువు, అంతదాకా ఆగకండి, వాట్సాప్ చాట్లు ఫోన్ మారితే పోతాయి.

చీటింగ్ కేసు వద్దంటాను. భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 318 కింద మొదటినుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి, బండి లేటుగా రావడంలో అది చూపించడం కష్టం, పోలీసులు సివిల్ మ్యాటర్ అని పంపేస్తారు, మీకు ఆర్నెల్లు వేస్ట్.

సాక్ష్యాలకొస్తే, ఐటినరీ పీడీఎఫ్, ఆ పొద్దున "వ్యాన్ ఎక్కడ" అని మీరు పెట్టిన మెసేజ్‌లు, కాల్ లాగ్, నైరోబీ పార్క్ ఎంట్రీ రసీదు ఉంటే అది, లేకపోతే ఫోన్ ఫొటోల్లో ఉండే లొకేషన్, టైం. ఆ ఫొటోలు ఎవరికీ వాట్సాప్‌లో పంపినవి కాకుండా ఒరిజినల్ ఫైల్సే దాచండి, వాట్సాప్‌లో వెళ్తే ఆ వివరాలు పోతాయి. వీటి ప్రింట్లతో ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయమని మీ లాయర్‌కి చెప్పండి. అమ్మగారి అఫిడవిట్ విడిగా వేయించండి, ఆవిడ దేనికోసం వెళ్లారో ఆవిడ మాటల్లోనే ఉండాలి.

ఎంత అడగాలి? మొత్తం 4,60,000 అడగొద్దు, మిగతా రోజులు బాగానే గడిచాయి కదా, అలా అడిగితే నిజమైన బాధ కూడా ఎక్కువ చేసి చెప్తున్నట్టు ఉంటుంది. ఆ ఒక్క రోజుకి ప్యాకేజీలో పడే ఖర్చు, దానిమీద వడ్డీ, మానసిక వేదనకి న్యాయంగా అనిపించే మొత్తం, కేసు ఖర్చులు అడగండి. రోజు ఖర్చు విడిగా రాసి లేకపోతే విడగొట్టి చూపించమని వాళ్లనే నోటీసులో అడగండి, చెప్పకపోతే అది కూడా మీకే పనికొస్తుంది.

నోటీసు స్పీడ్ పోస్ట్‌లోనూ ఈమెయిల్‌లోనూ పంపి 15 రోజులు టైం ఇవ్వండి. వోచర్‌కి మాత్రం ఇవాళే ఈమెయిల్‌లో "ఇది మాకు సమ్మతం కాదు, అంబోసెలీ ట్రిప్ డబ్బు వెనక్కివ్వండి" అని ఒక్క లైన్ జవాబు పెట్టండి.