మాతృ వందన డబ్బు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకిది తొలి కాన్పు, ఐదో నెల. బట్టల షాపులో పనిచేస్తాను. ఆయనది ప్రైవేటు ఉద్యోగం, బియ్యం కార్డు ఉంది. గర్భిణులకు, బాలింతలకు కేంద్రం ఇచ్చే ప్రధానమంత్రి మాతృ వందన డబ్బు నాకు వస్తుందా?
– పాఠకురాలు, తెనాలి

జవాబు: వస్తుందమ్మా. బియ్యం కార్డు ఒక్కటీ చాలు. అది లేనివాళ్లు ఉపాధి హామీ జాబ్ కార్డు, అసంఘటిత కార్మికులకిచ్చే ఈ-శ్రమ్ కార్డు, ఆయుష్మాన్ భారత్ కార్డు, ఎస్సీ, ఎస్టీ కుల ధ్రువపత్రం, కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.8 లక్షల లోపేనన్న ధ్రువపత్రం – వీటిలో ఏదో ఒకటి చూపిస్తే సరిపోతుంది. అన్నీ తెమ్మని ఎవరైనా తిప్పుతుంటే ఊరుకోకండి. ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల రెగ్యులర్ ఉద్యోగినులకూ, చట్టప్రకారం జీతంతో ప్రసూతి సెలవు పొందేవాళ్లకూ మాత్రం ఈ పథకం వర్తించదు.

తొలి బిడ్డకు మొత్తం రూ.5,000. చివరి నెలసరి తేదీ నుంచి ఆరు నెలల్లోపు గర్భం నమోదై, కనీసం ఒక్క పరీక్షయినా జరిగితే రూ.3,000. బిడ్డ పుట్టుక నమోదై, 14వ వారం టీకాలు పూర్తయ్యాక రూ.2,000. మీకు ఐదో నెల కదా, ఈ వారంలోనే ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచర్‌నో కలవండి.

ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకునేవాళ్లు చాలామంది ఇక్కడే ఇబ్బంది పడుతున్నారు. వాళ్ల చేతిలో ఆసుపత్రి ఫైలు ఉంటుంది గానీ గర్భిణి పరీక్షలు, బిడ్డ టీకాలు రాసే తల్లీబిడ్డల ఎంసీపీ కార్డు ఉండదు. ఫైలు తీసుకెళ్లి ఏఎన్‌ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) చేత కార్డులో నెలసరి తేదీ, పరీక్ష తేదీ రాయించుకోండి. రేపు బిడ్డకు బయట టీకాలు వేయించినా అంతే.

ప్రశ్న: మా అమ్మాయిని భర్త వదిలేశాడు. అతని ఆధార్ లేకుండా దరఖాస్తు తీసుకుంటారా?
– ఒక తల్లి, ఆదోని

జవాబు: తీసుకోవాలి. 2022 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం భర్త ఆధార్ తప్పనిసరి కాదు. అమ్మాయి ఆధార్ ఉంటే చాలు.

ప్రశ్న: డబ్బు చెల్లించినట్టు చూపిస్తోంది. నేనిచ్చిన పాస్‌బుక్‌లో మాత్రం పడలేదు. ఎవరిని అడగాలి?
– పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఈ డబ్బు ఆధార్‌ను బట్టి వెళ్తుంది. ఎన్ని ఖాతాలున్నా, మీ ఆధార్‌కు చివరగా సీడింగ్ అయిన, అంటే జతపడిన బ్యాంకులోనే పడుతుంది. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతా అయినా సరే, అందులోకే పోతుంది. ముందు ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూడండి, బ్యాంకు పేరు కనిపిస్తుంది. ఆ బ్యాంకులో అడిగితే డబ్బు అక్కడ దొరికే అవకాశమే ఎక్కువ.

తర్వాతి వాయిదా మీకు కావలసిన ఖాతాలో పడాలంటే ఆ బ్యాంకుకు వెళ్లి ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వాలి. ఖాతా తెరిచేటప్పుడు కేవైసీకి ఆధార్ జిరాక్స్ ఇచ్చాం కదా అనుకోవద్దు, అది వేరు, ఇది వేరు. రెండేళ్లుగా లావాదేవీలు లేక స్తంభించిన ఖాతా అయితే ముందు దాన్ని మళ్లీ వాడుకలోకి తెప్పించుకోండి. అప్పటికీ తేలకపోతే పథకం హెల్ప్‌లైన్ 14408కు ఫోన్ చేయండి.

ప్రశ్న: రెండో కాన్పులో కవలలు, బాబూ పాపా. మాకు వస్తుందా?
– పాఠకుడు, నంద్యాల

జవాబు: వస్తుంది. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకే విడతలో రూ.6,000 ఇస్తారు. కవలల్లో ఒక్కరు ఆడపిల్లయినా చాలు. దీనికీ 14వ వారం టీకాలు పూర్తి కావాలి. ప్రసవమైన 270 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి.