కారు స్టీరియోకు డీఎస్పీ కొనాలా, వద్దా: సౌజన్యకు బాబాయి ఉత్తరం

చిరంజీవి సౌజన్యకు,

బాబాయి ఆశీస్సులు. నీ కారులో పాటల ధ్వని మెరుగుపరచడానికి జె.సి.రోడ్డు దుకాణంలో నీకు రాసిచ్చిన అంచనా కాగితం చూశాను. ముందు తలుపులకు కాంపోనెంట్ స్పీకర్లు (సన్నని స్వరాలకు ట్వీటరు, మిగతా వాటికి వూఫరు విడివిడిగా ఉండేవి), సీటు కింద బాగా లోతైన బాస్ కోసం సబ్‌వూఫర్, ఆంప్లిఫయర్: అంతవరకు బాగానే ఉంది. చివరి వరుసలో ‘డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్, అంటే స్పీకర్లకు వెళ్లే ధ్వనిని సర్దే పెట్టె) తప్పనిసరి’ అని ఉన్న చోట ఆగిపోయాను. అది నీ కారును బట్టి తేలాలి గానీ, దుకాణదారు దగ్గర ఏ పెట్టె నిల్వ ఉందో దాన్ని బట్టి కాదు.

ముందు ఆ పెట్టె చేసే పని తెలుసుకో. మన కార్లలో డ్రైవరు కూర్చునేది కుడివైపు. కుడి స్పీకరు నీ మోకాలి పక్కనే ఉంటుంది, ఎడమది అవతలి తలుపులో. సెకనులో వెయ్యోవంతు కాలంలో ధ్వని సుమారు 34 సెంటీమీటర్లే వెళ్తుంది. రెండింటి దూరాల్లో అర మీటరు తేడా ఉంటే, ఎడమ ధ్వని నీ చెవికి ఆలస్యంగా చేరుతుంది. అందుకే గాయని గొంతు ఎదురుగా కాక కుడి తలుపులోంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. డీఎస్పీ, అంటే ఈ ప్రాసెసర్, నీకు దగ్గరగా ఉన్న స్పీకరు ధ్వనిని ఆ మేరకు ఆలస్యం చేస్తుంది. ఏ స్పీకరుకు ఏ స్వరాలు వెళ్లాలో, ఎక్కడ తగ్గించాలో కూడా విడివిడిగా చూసుకుంటుంది.

విడిగా కొనే చాలా స్టీరియోల్లో టైమ్ అలైన్‌మెంట్ (ఇప్పుడు చెప్పిన ఆలస్యం సర్దుబాటు), ఈక్వలైజర్ (స్వరాల హెచ్చుతగ్గుల సర్దుబాటు) వాటిలోనే ఉంటాయి. నీ కారుతో వచ్చిన స్టీరియో తెర మార్చగలిగినదైతే, డీఎస్పీ ఊసే ఎత్తవద్దనేవాణ్ణి. కానీ నీ తెరకు ఏసీ, వెనక కెమెరా కలిసి ఉన్నాయి, దాన్ని కదిలించకు. దాని సెట్టింగుల్లో బాస్, ట్రెబుల్ తప్ప ఇంకేమీ లేవంటున్నావు. అప్పుడు డీఎస్పీకి కారణం ఉన్నట్టే.

అయినా ఒక పరీక్ష చెయ్యి. బాస్ బాగా ఉన్న పాట పెట్టి శబ్దం మెల్లగా పెంచు. పైకి వెళ్లే కొద్దీ బాస్ సన్నబడితే, స్పీకర్లను కాపాడటానికి కంపెనీ వాళ్లు చేసిన ఏర్పాటు అది. అలాంటి తెరలతో డీఎస్పీ పెట్టినా చిక్కే, శబ్దాన్ని బట్టి మారే దాన్ని ఒక్క సర్దుబాటుతో సరిచేయలేరు. తెర శబ్దాన్ని ఒకచోట నిలిపి, ప్రాసెసర్ రిమోట్‌తో పెంచుకోవాలి. ఈ సంగతి దుకాణంలో అడిగి చూడు. ఆయన సమాధానంలోనే పనితనం తెలిసిపోతుంది.

డబ్బు ముందు తలుపులకు పెట్టు. లోపలి రేకుకు దాని అదురు తగ్గించే డంపింగ్ షీట్లు వేయించి, స్పీకరు వెనక సందులు మూయించు. తలుపు గలగలలాడుతుంటే ఏ ప్రాసెసరూ దాన్ని ఆపలేదు. స్పీకరు తీగల ప్లస్సు, మైనస్సు తారుమారు కాలేదని కూడా చూడమను. ఒక వైపు తిరగబడితే బాస్ మాయమవుతుంది. దానికీ డీఎస్పీయే మందని చెప్పేవాళ్లున్నారు!

ఆంప్లిఫయర్ మాత్రం తొందరపడి విడిగా కొనకు. లోపలే ఆంప్లిఫయర్ కూడా ఉన్న డీఎస్పీలు దొరుకుతాయి. ట్వీటరు, వూఫరు చెరొక ఛానెల్‌తో నడవాలంటే ముందుకే నాలుగు ఛానెళ్లు కావాలి, సబ్‌కు ఇంకొకటి. స్పీకర్లతో పాటు వచ్చే పాసివ్ క్రాసోవర్ (స్వరాలను ట్వీటరు, వూఫరులకు విడదీసే చిన్న భాగం) వాడితే ఆ రెండింటినీ వేర్వేరుగా సర్దలేరు, సగం లాభం పోయినట్టే. కారు తీగలు కోయకుండా కప్లర్‌తో (గుచ్చి కలిపే జోడింపుతో) కలిపించు, వారంటీ గొడవ తగ్గుతుంది.

పెట్టె కంటే ట్యూనింగ్ ముఖ్యం. మైకు పెట్టి కొలిచి సర్దేవాడు కావాలి, ‘చెవితో చేసేస్తాను మేడమ్’ అనేవాడు వద్దు. డ్రైవరు సీటుకు సర్దితే పక్క సీటుకు అంత బాగుండదు కాబట్టి రెండు ప్రీసెట్లు (ముందే భద్రపరిచిన సర్దుబాట్లు) చేయించు. ఒకటి నీకు, మరొకటి అందరూ ఎక్కినప్పుడు. అయినా నీ ప్రయాణం ఎక్కువగా సిల్క్ బోర్డు కూడలి హారన్ల మధ్యే కదా, అక్కడ సన్నని తేడాలు ఎటూ వినపడవు. ఖరీదైన మోడల్ జోలికి పోకు.

బిల్లు కట్టే ముందు, ఈ సర్దుబాట్లన్నీ ఉండే ట్యూనింగ్ ఫైలు కాపీ అడుగు. కొందరు పాస్‌వర్డ్ పెట్టి తమ దగ్గరే ఉంచుకుంటారు. ఇవ్వనంటే బేరం అక్కడే ఆపి నాకు ఫోను చెయ్యి.

మీ బాబాయి
జయనగర్, బెంగళూరు