స్క్రీన్ నల్లబడిందని ఏది పడితే అది ఇన్‌స్టాల్ చేయకండి

సందేహం: నా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ దానంతట అదే అప్‌డేట్ అయింది. అప్పటి నుంచి స్క్రీన్ మినుకుమినుకుమంటోంది. ఒక్కోసారి పూర్తిగా నల్లబడి మౌస్ పాయింటర్ మాత్రమే కనిపిస్తోంది. డ్రైవర్లన్నింటినీ సరిచేస్తుందని చెప్పే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఇన్‌స్టాల్ చేశాను. ఇప్పుడు రిజల్యూషన్ కూడా తగ్గి అక్షరాలు పెద్దవిగా కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?

సమాధానం: ఈ ఫిర్యాదు నాకు కొత్త కాదు, దాని రెండో సగం అసలే కొత్త కాదు. అడగకుండా వచ్చి పడిన అప్‌డేట్ వల్ల స్క్రీన్ చెడిపోతే ఆ తప్పు మీది కాదు. ఆ తర్వాత ఊరూపేరూ తెలియని ప్రోగ్రామ్‌కు అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఇవ్వడం మాత్రం మీరు చేసిన పనే.

ముందుగా లోపం డ్రైవర్‌దేనని, అంటే గ్రాఫిక్స్ చిప్‌ను విండోస్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్‌దేనని తేల్చుకోవాలి. స్క్రీన్ మినుకుతున్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌ను తెరవండి. మిగతా స్క్రీన్‌తో పాటు అది కూడా మినుకుతుంటే డ్రైవర్‌ను అనుమానించాలి. అది మాత్రం నిలకడగా ఉంటే ఏదో ఒక అప్లికేషన్‌ను అనుమానించాలి. విండోస్ మొదలు కాకముందే, బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) సెట్టింగుల్లో కూడా ఇలాగే ఉంటే అది డ్రైవర్ సంగతి కాదు, కేబులో ప్యానెలో చెడి ఉంటుంది. స్క్రీన్ నల్లబడినప్పుడు విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే బీప్‌మనే చిన్న శబ్దంతో గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. ఇది చికిత్స కాదు గానీ, తెరిచి ఉన్న ఫైళ్లను సేవ్ చేసుకునే వ్యవధి దొరకవచ్చు.

అసలు మరమ్మతును సేఫ్ మోడ్‌లో, అంటే అత్యవసరమైన వాటితో మాత్రమే విండోస్ నడిచే స్థితిలో చేయాలి. స్క్రీన్ ఏమాత్రం కనిపించకపోతే, విండోస్ మొదలవుతుండగా పవర్ బటన్ నొక్కి పట్టి వరుసగా రెండు మూడు సార్లు ఆపేస్తే రికవరీ తెర వస్తుంది. అక్కడ స్టార్టప్ సెట్టింగ్స్‌కు వెళ్లి 4 నొక్కాలి. డిస్క్‌కు విండోస్ వేసే బిట్‌లాకర్ అనే తాళం (ఎన్‌క్రిప్షన్) పడి ఉంటే 48 అంకెల రికవరీ కీని అడగవచ్చు కాబట్టి, అదెక్కడుందో ముందే చూసుకోండి. సేఫ్ మోడ్‌లోకి చేరాక మొదట ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను తొలగించండి. తర్వాత విండోస్‌ను ఒకసారి మామూలుగా తెరిచి, డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మీ గ్రాఫిక్స్ పేరు ఉందో, ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉందో చూడండి. రెండోదే ఉంటే అసలు డ్రైవర్ పనిచేయడం లేదని, రిజల్యూషన్ తగ్గింది అందుకేనని అర్థం. మళ్లీ సేఫ్ మోడ్‌లోకి వచ్చి, డివైస్ మేనేజర్‌లోనే ఉండే ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ బటన్ పనిచేస్తే పాత వెర్షన్‌కు వెళ్లండి. అది మసకబారి ఉంటే, డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను కూడా తొలగించే గడిలో టిక్ పెట్టి అన్‌ఇన్‌స్టాల్ చేసి, ల్యాప్‌టాప్ తయారీదారు మీ మోడల్ కోసం ఇచ్చిన డ్రైవర్‌ను వేసుకోండి. అదే అప్‌డేట్ మళ్లీ దిగకుండా విండోస్ అప్‌డేట్‌ను కొన్ని వారాల పాటు పాజ్‌లో ఉంచండి.

ఇక నన్ను భయపెట్టే విషయానికి వస్తాను. గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఒక భాగం విండోస్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో నడుస్తుంది. అక్కడ నడిచే కోడ్‌కు మీ యాంటీవైరస్‌ను కూడా నోరు మూయించగల అధికారం ఉంటుంది. డిజిటల్ సంతకం, అంటే ఫలానా సంస్థే తయారు చేసిందని చెప్పే ముద్ర ఉన్న డ్రైవరే కదా అనే ధీమా కూడా పనికిరాదు. 2022లో ఒక పెద్ద గ్రాఫిక్స్ చిప్‌ల సంస్థ నుంచి సైబర్ నేరగాళ్లు దొంగిలించి బయటపెట్టిన సమాచారంలో సంతకాలకు వాడే రెండు సర్టిఫికెట్లు ఉన్నాయి. వాటి గడువు ఎప్పుడో తీరిపోయింది. అయినా 2015 జూలై 29కి ముందు జారీ అయిన సర్టిఫికెట్లకు విండోస్ ఇచ్చిన పాత మినహాయింపు పుణ్యమా అని, వాటితో సంతకం చేసిన హానికర ఫైళ్లు చెల్లుబాటయ్యాయి. దొంగ సంతకమే అక్కర్లేదు. నిజమైన సంస్థ నిజాయితీగా తయారు చేసిన పాత డ్రైవర్‌లో ఒక లోపం మిగిలి ఉన్నా, దాన్నే వెంట తెచ్చుకుని కెర్నెల్‌లోకి దూరే దాడులు సర్వసాధారణమయ్యాయి. అలాంటప్పుడు, ఎక్కడి నుంచి తెస్తుందో చెప్పకుండా ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లనూ మార్చేస్తాననే ప్రోగ్రామ్‌ను నమ్మమని నేనెవరికీ చెప్పలేను.

అలాగని అప్‌డేట్లను శాశ్వతంగా ఆపేయమనడం లేదు, ఎందుకంటే గ్రాఫిక్స్ డ్రైవర్లలోని భద్రతా లోపాలకు మందు కూడా వాటిలోనే వస్తుంది. నా కోపమంతా ఆ మందును ఇచ్చే పద్ధతి మీదే. మోడల్‌కు తగ్గట్టు తయారీదారు సవరించిన డ్రైవర్ ఉండగా దాని మీద సాధారణ వెర్షన్‌ను తెచ్చి రుద్దడం, భద్రతా సవరణను కొత్త ఆటల కోసం చేసిన మార్పులతో కలిపి ఒకే మూటగా పంపడం, ఏం మారిందో ఒక్క వాక్యంలోనైనా చెప్పకపోవడం నిర్లక్ష్యం కాక మరేమిటి? ఈ నిర్లక్ష్యం వల్లనే జనం ఆ ఉచిత ప్రోగ్రామ్‌ల వలలో పడుతున్నారు.

మీ విషయంలో ఇంకొంత పని మిగిలి ఉంది. స్క్రీన్ సరైన తర్వాత విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ (విండోస్ పూర్తిగా మొదలు కాకముందే వైరస్‌ల కోసం జరిగే తనిఖీ) నడపండి. అక్కడే కోర్ ఐసొలేషన్‌లో మెమరీ ఇంటిగ్రిటీ (కెర్నెల్‌లోకి హానికర కోడ్ చొరబడకుండా కాపాడే ఏర్పాటు), దాని దగ్గరే ఉండే ప్రమాదకర డ్రైవర్ల బ్లాక్‌లిస్ట్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న రోజుల్లో ఈ ల్యాప్‌టాప్‌లో టైప్ చేసిన బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లను వేరే పరికరం నుంచి మార్చండి. స్కాన్‌లో ఏదైనా బయటపడితే ఫైళ్లను బ్యాకప్ తీసుకుని విండోస్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయండి.