బోరు మోటరుకు లో వోల్టేజీ: స్టెబిలైజర్ కొంటే సరిపోతుందా?

పొద్దున త్రీఫేజ్ రాగానే వోల్టేజీ 340 వోల్టులకు పడిపోతోంది, చీనీ (బత్తాయి) తోటలో 5 హెచ్‌పీ మోటరు కాలిపోయింది, స్టెబిలైజర్ కొనాలా అని అడిగారు. నా మాట వింటే కొనొద్దు. తగ్గిన వోల్టేజీని పైకి లేపడానికి అది లైను నుంచి ఆ మేరకు ఎక్కువ కరెంటు గుంజుతుంది. మీ మోటరు తిరుగుతుంది గానీ పక్క చేను మోటరు మూలుగుతుంది. రేపు ఆయనా ఒకటి కొంటాడు.

మాది అనంతపురం జిల్లా నార్పల వైపు. మా ట్రాన్స్‌ఫార్మర్ కింద కూడా ఇదే గోల. ముఖ్యంగా కరెంటు రాగానే మోటరును దానంతటదే లేపే ఆటోస్టార్టర్లతో. కరెంటు కోసం తోట దగ్గర కాపలా కాయలేక అందరం పెట్టుకున్నాం. కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి. 5 హెచ్‌పీ మోటరు నడిచేటప్పుడు సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటే, లేచేటప్పుడు ఐదారు రెట్లు లాగుతుంది. 415 ఉండాల్సిన చోట 340 ఉంటే మోటరు తిప్పే బలం మూడింట రెండు వంతులే. లేవలేక, కరెంటు లాగడం ఆపక లోపలి తీగచుట్ట (వైండింగ్) మాడిపోతుంది. అందుకే రైతులమంతా కూర్చొని ఆటోస్టార్టర్ల టైమర్లను అరనిమిషం తేడాతో వరసగా పెట్టుకున్నాం. "నేనెందుకు చివర?" అని ఒకాయన తగువు పెట్టుకుంటే ఆయనకే మొదటి నంబరు ఇచ్చేశాం. ఎవరు ముందైతే ఏముంది, నీళ్లు అందరికీ వస్తాయి.

స్టార్టర్ డబ్బా కూడా తెరిచి చూడండి. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత) కెపాసిటర్ ఉంటే, మోటరుకు కావాల్సిన కరెంటులో కొంత అదే ఇస్తుంది కాబట్టి లైను మీద కరెంటు తగ్గుతుంది, వోల్టేజీ కాస్త నిలబడుతుంది. మా వైపు చాలా డబ్బాల్లో కెపాసిటర్ ఉంది, వైర్లు మాత్రం పీకేసి ఉన్నాయి!

తర్వాత మోటర్లన్నీ నడుస్తుండగా లైన్‌మన్‌తో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, మీ స్టార్టర్ దగ్గర వోల్టేజీ కొలిపించండి. అక్కడ 400 ఉండి ఇక్కడ 350 ఉంటే లోపం మధ్య వైరులోనే. మాకు ఒక స్తంభం మీద రాగి తీగను అల్యూమినియం తీగకు ఊరికే మెలిపెట్టి వదిలేశారు. జాయింటు చుట్టూ తెల్లటి పొడి పేరుకుని, పైన తొడుగు కరిగి నల్లబడింది. సరైన క్లాంపుతో మార్పించాం.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే తక్కువుంటే దానికి కరెంటు తెచ్చే 11 కేవీ లైనులోనే వోల్టేజీ తగ్గి ఉండొచ్చు, లేదా ట్రాన్స్‌ఫార్మర్ కింద లోడు ఎక్కువై ఉండొచ్చు. 25 కేవీఏ సైజు ట్రాన్స్‌ఫార్మర్ 5 హెచ్‌పీ మోటర్లు నాలుగింటిని మోస్తుంది, అంతే. అందరూ సంతకాలు పెట్టి కరెంటు ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) అర్జీ ఇవ్వండి. కాకపోతే ముందు ఎవరి మోటరు ఎన్ని హెచ్‌పీయో నిజం చెప్పాలి. కాగితంలో మూడు, బోరులో ఐదు ఉంటే, ఆ కాగితం చూసి వచ్చే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కూడా చాలదు.